రబ్బరు పట్టా తీసిన తలుపు

నేను చెప్పవలసిన మాట చాలా చిన్నది. "అన్నా, పట్టా తీసేముందు తలుపు మీద ఏదన్నా బరువు పెట్టు, లేకుంటే అది దానంతటదే లేస్తాది." అంతే. ఆ మధ్యాహ్నం సులైబియాలో మా వర్క్‌షాపు గేటు దాటుతూ ఆయన జీపు కిటికీలోంచి చెయ్యి ఊపినప్పుడు కూడా ఈ మాట నా నోట్లోనే ఉంది. చెప్పలేదు. తర్వాత అడిగినవాళ్లకు, చెప్పానన్నాను. మా వైపు నుంచి కువైట్ వచ్చినవాళ్లలో ఆయనకు "చెప్పినా వినని డ్రైవరు" అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది నేను. ఆయన విన్నాడా, వినలేదా అనే ప్రశ్నే లేదు. వినడానికి నేనేమీ అనలేదు.

నేను వెల్డర్ని. కడప జిల్లా నుంచి వచ్చి, ఇక్కడే నడివయసువాణ్ణి అయ్యాను. మా వర్క్‌షాపు యజమాని ఎప్పుడో గాని రాడు. నడిపేది ఉస్తాద్ అని మేమంతా పిలిచే పెషావర్ మనిషి. లారీల బాడీలు, నీళ్ల ట్యాంకర్లు, షెడ్ల గేట్లు, ఏది వస్తే అది చేస్తాం. చలికాలం దగ్గర పడితే మాత్రం పని రకం మారుతుంది. కువైటీలు ఎడారిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉంటారు. దానికి ముందు వాళ్ల కారవాన్లు మా దగ్గరికి వరస కడతాయి.

ఆయన తెచ్చింది అలాంటి కారవానే. పొడవైన బండి. ముందు సగంలో మంచాలు, వంటగట్టు. వెనక సగం ఖాళీ గది, అందులో పిల్లలు ఇసుకలో నడిపే నాలుగు చక్రాల బగ్గీలు ఎక్కిస్తారు. వెనక గోడ మొత్తం ఒకటే తలుపు. కింద బందులు, పైన గొళ్లాలు. దించితే నేలమీద వాలి బగ్గీలు ఎక్కే దారి అవుతుంది, ఎత్తితే మళ్లీ గోడ అవుతుంది.

ఆయన నాకు బంధువు కాదు. రాయచోటి వైపు మనిషి, నాకంటే పెద్దవాడు. ఒక కువైటీ ఇంట్లో చాలాకాలంగా డ్రైవరు. ఆ ఇంటామెను, ఇక్కడ ఇళ్లలో పనిచేసేవాళ్లందరూ యజమానురాలిని పిలిచినట్టే, మామా అనేవాడు. శుక్రవారాలు నా గదికి వచ్చేవాడు. సంగటి కెలికేది ఆయన, గిన్నెలు కడిగేది నేను. కారు అద్దం మీద వేలిముద్ర కనిపించినా ఆగి తుడిచే మనిషి. "బండి నడిపేటోనికి చేతులు కాదు అబ్బీ, గ్యాపకం ఉండాల" అనేవాడు. ఎక్కడ బ్రేకు వేశాడో, ఏ టైరులో ఎప్పుడు గాలి పట్టించాడో అన్నీ ఆయన తలలో ఉండేవి.

ఆ రోజు జీపు దిగగానే కారవాన్ తలుపు చూపించాడు.

"దించేటప్పుడు నేను దీని మింద పడతాండా, ఎత్తేటప్పుడు ఇది నా మింద పడతాంది. ఏమన్నా చెయ్యి అబ్బీ. నడుము పోయింది."

"ఇంతకుముందు ఒక్కనివే ఎత్తేటోనివి కదన్నా?"

"ముందు ఈ రబ్బరు యాడుండాది? ఇనప రేకు మింద పిలకాయలు జారతాండారని మామా వేయించింది. వాళ్ల గుర్రాల కొట్టంలో పరిచేది ఇది. దీని బరువు గుర్రాన్నే అడగాల."

వేలెడు మందం రబ్బరు పట్టా అది. తలుపు లోపలి వైపు బోల్టులతో బిగించారు. దాని మీద ఎర్ర తివాచీ. సాయంత్రాలు తలుపు దించి, కింద రెండు పొట్టి కాళ్లు పెట్టి అరుగులాగా చేసి, దానిమీదే కూర్చుని టీ తాగడం ఆ ఇంటివాళ్ల అలవాటు. ఎడారిలో బగ్గీలు దించాలన్నా ఎక్కించాలన్నా ఆయన ఒక్కడే. ఆడవాళ్లను, పిల్లలను చెయ్యి వేయమని అడగలేడు. పక్క గుడారాల డ్రైవర్లను పిలవడం ఆయనకు నామోషీ.

దానికి సరైన ఉపాయం ఏమిటో నాకు చూడగానే తెలుసు. బండి లోపల పక్క గోడకు చేత్తో తిప్పే విన్చ్ ఒకటి బిగించి, దాని స్టీలు తాడు తలుపు అంచుకు కడితే చాలు. పిడి తిప్పినంతే తలుపు లేస్తుంది, తిప్పినంతే దిగుతుంది. వదిలేసినా ఉన్నచోటే ఆగుతుంది. కాని విన్చ్ మా దగ్గర లేదు. మరునాడే మామావాళ్లు ఎడారికి బయలుదేరుతున్నారు. పైగా ఆయన అందరి ముందు "మావోడు చేస్తాడులే, మావోనికి రాని పని ల్యా" అనేశాడు. మా వర్క్‌షాపు వెనక, పడగొట్టిన దుకాణాల షట్టర్లు గుట్టగా పడి ఉంటాయి. వాటి స్ప్రింగులు విప్పి లారీల వెనక డాలా తలుపులకు వాడడం మాకు మామూలే. నేను ఆ గుట్టవైపు నడిచాను.

బందుల పక్కన చెరొక స్ప్రింగు కట్టాను. తలుపు దించితే స్ప్రింగు బిగుసుకుంటుంది, ఆ బిగువే ఎత్తేటప్పుడు సాయం పడుతుంది. పట్టా బరువుతో సహా తలుపు తేలిగ్గా లేచేదాకా బిగిస్తూ పోయాను. ఆయన టీ తేవడానికి బకాలా కొట్టుకు వెళ్లాడు. ఒక బోల్టు అడ్డం వస్తే పట్టా విప్పి పక్కకు లాగాను.

తలుపు లేచింది.

ఎవరూ ముట్టుకోలేదు. నేలమీద నుంచి మోకాలెత్తుకు ఒక్క విసురులో వచ్చి, అక్కడ ఆగి వణికింది. బండి లోపల చీకట్లో ఎవరో తాడు పట్టి లాగినట్టు ఉంది. నేను నిజంగానే లోపలికి తొంగి చూశాను. ఎవరూ లేరు.

పట్టాకు సరిపోయేలా బిగించిన స్ప్రింగు, పట్టా లేకపోతే తలుపును కింద నిలవనివ్వదు. వెల్డర్ అన్నవాడికి ఇది అర్థం కాకపోదు. స్ప్రింగు వదులు చేస్తే పట్టాతో బరువెక్కుతుంది, ఆయన నడుముకు పనికిరాదు. తలుపు మీదికి ఎక్కి దాన్ని అణచిపెట్టి, పట్టా మళ్లీ లాగి, బోల్టులు బిగించాను. ఆయన రాగానే చెబుదాం అనుకున్నాను.

ఆయన వచ్చి, టీ గ్లాసులు పక్కన పెట్టి, రెండు వేళ్లతో తలుపు ఎత్తాడు.

"ఓర్నీ! ఉస్తాద్, దేఖో! దో ఉంగ్లీ! రండప్పా, అందరూ రండి, చూడండి!"

వర్క్‌షాపులో ఉన్నవాళ్లంతా వచ్చారు. ఆయన దించాడు, ఎత్తాడు. దించాడు, ఎత్తాడు. ఉస్తాద్ గడ్డం నిమురుకుని నా భుజం తట్టాడు. అంతకుముందు అతను ఎవరినీ అలా తట్టగా నేను చూడలేదు. ఆ సమయంలో "కాని అన్నా..." అని మొదలుపెట్టాలి. టీ తాగాక చెబుదాం అనుకున్నాను. టీ తాగాక, బండి తగిలించేటప్పుడు చెబుదాం అనుకున్నాను. గేటు దగ్గర, ఎలాగూ చలికాలం అయ్యేదాకా ఆ పట్టా ఎవరు తీస్తారులే అనుకున్నాను.

చలికాలం మధ్యలో వాన పడింది. పట్టా బురదయింది. కడగాలని ఆయన బోల్టులు విప్పి, తలుపు అంచు దగ్గర నేలమీద నిలబడి, పట్టాను చుట్టి తనవైపు లాగాడు. పట్టా బరువంతా తలుపు దాటి జారిన క్షణంలో తలుపు లేచింది. పై గొళ్లెం నాలుక, కిందికి వంగి ఉన్న ఆయన కుడికంటికి తగిలింది.

ఆ కన్ను పోయింది.

మామా మా వర్క్‌షాపుకు వచ్చింది. కారవాన్ తేలేదు, పట్టా మళ్లీ బిగింపించి, తలుపు మూయించి, దాన్ని వాళ్ల గుర్రాల కొట్టం పక్కన పడేయించిందట. కారు దిగకుండానే ఉస్తాద్‌ను అరబ్బీలో ఏదో అడిగింది. ఉస్తాద్ నావైపు తిరిగాడు.

"ఉస్‌కో బోలా థా?"

అతనికి చెప్పావా అని. వెనక మా వాళ్లందరూ నిలబడి ఉన్నారు. చెప్పలేదంటే ఏమవుతుందో నా కళ్ల ముందు తిరిగింది. పోలీసు, ఇఖామా రద్దు, ఊరికి విమానం.

"బోలా థా ఉస్తాద్" అన్నాను.

ఉస్తాద్ ఆమెకు చెప్పాడు. ఆమె తల ఊపి, "ఖలాస్" అంది. అద్దం పైకి లేచింది, కారు వెళ్లిపోయింది. అంత సులువుగా అయిపోయింది.

ఆసుపత్రికి ఒక్కసారి వెళ్లాను. కట్టు కింద సగం ముఖమే కనిపిస్తోంది. నేను తెచ్చిన బత్తాయిలవైపు ఆయన చూడలేదు.

"అబ్బీ, ఆ పొద్దు నువ్వు నాకేమన్నా చెప్పినావా?"

నేను సంచి ముడి విప్పుతూ ఉండిపోయాను.

"చెప్పినావంట కదా. మామా అనింది. నాకు గ్యాపకం రాల్యా. యాడ చెప్పినావు, గేటు కాడనా?"

"ఇప్పుడవన్నీ ఎందుకన్నా, పండుకో."

ఆ సమాధానం అబద్ధం కంటే నీచమైనది. అబద్ధం భయంతో చెప్పాను. ఇది తీరిగ్గా, ఆయన మిగిలిన కంటిలోకి చూస్తూ అన్నాను.

ఒంటికన్నుతో ఆ ఇంటి బండి ఇక నడపలేడు. మామా దయగల మనిషే. ఊరికి పంపకుండా షర్క్‌లో వాళ్ల పాత బిల్డింగుకు కాపలా పెట్టిందని విన్నాను. ఆ తర్వాత నేను, చేపల మార్కెట్టు అక్కడే అయినా, షర్క్ వైపు పోలేదు. చేపలు కావాలంటే చుట్టూ తిరిగి వేరేచోట కొనేవాణ్ణి. శుక్రవారాలు సంగటి నేనే కెలుక్కునేవాణ్ణి, ఉండలు కట్టేది.

తలుపు మాత్రం నన్ను వదల్లేదు. పొద్దున పనికి పోయేటప్పుడు దుకాణాల షట్టర్లు లేస్తుంటే రోడ్డు అవతలి పక్కకు దాటేవాణ్ణి. అన్నం గిన్నె మీద మూత ఆవిరికి కొంచెం లేస్తే వెనక్కి జరిగేవాణ్ణి. నాతో గదిలో ఉండేవాళ్లు నవ్వేవాళ్లు. మూత మెల్లగా లేచి, ఆగి, వణికేది. లోపల ఎవరో ఉన్నట్టే ఉండేది. పనిలో ఏ తలుపు చేసినా, చేశాక దాని ముందు చాలాసేపు కూర్చునేవాణ్ణి. "క్యా దేఖ్ రహే హో, ఫిలిం?" అని, సినిమా చూస్తున్నావా అని ఉస్తాద్ వెక్కిరించేవాడు.

ఈ చలికాలం ముందు ఆ కారవాన్ తిరిగి వచ్చింది. గేటులోకి తిరుగుతుండగానే గుర్తుపట్టాను. నడిపేది ఒక కొత్త డ్రైవరు, గోదావరి వైపు మనిషి, మీసం దువ్వుకుని హుషారుగా ఉన్నాడు. అతను ఎదురుగా మనిషిని పెట్టుకుని, ఇద్దరూ చెరో పక్కా పట్టి తలుపు దించారు.

"మా మామా మళ్లీ బయటికి తియ్యమందండీ. రబ్బరు ఎండకి పెళుసెక్కిపోయింది. అది పీకేసి కొత్తది వేత్తే బాగుంటదండీ."

నేను ఆ బందులవైపే చూస్తున్నాను. అతనే మాట్లాడుతున్నాడు.

"దీని దగ్గర జాగర్తగా ఉండాలంట కదండీ. పాత డ్రైవరుకి వెల్డరు చెప్పినా వినలేదంట. నన్ను పన్లో పెట్టుకునేటప్పుడే మామా అందండీ, ఆయనలాగ ఉండకు, చెప్పింది విను అని. పాపం మనిషి మంచోడేనంట, మతిమరుపంట."

మాట్లాడుతూనే వంగాడు. బోల్టులు ముందే వదులు చేసుకుని వచ్చాడు, చేత్తోనే తిప్పి తీసేశాడు. పట్టా అంచు రెండు చేతులా పట్టుకుని తనవైపు లాగాడు.

నేను ఎప్పుడు పరిగెత్తానో తెలియదు. తలుపు మీద రెండు కాళ్లతో పడ్డాను. పట్టా అతని చేతుల్లో జారిపోయింది. నా పాదాల కింద తలుపు పైకి తోసింది. తొక్కిపెట్టిన జంతువు ఒళ్లు విరుచుకున్నట్టు తోసింది. ఆయన ముఖం దాకా వెళ్లిన బలం ఇదన్నమాట. మొదటిసారి నా ఒంటికి తెలిసింది.

"ఏంటండీ బాబూ! గుండాగిపోయింది. ఏమైందండీ?"

"పట్టా తీసేముందు తలుపు మీద బరువు పెట్టాల. లేకుంటే దానంతటదే లేస్తాది."

ఎంత చిన్న మాట. చెప్పడానికి ఒక ఊపిరి కూడా పట్టలేదు.

అతను నా కాళ్లవైపు, తలుపువైపు చూశాడు. అతను తెలివైనవాడు.

"ఆ వెల్డరు మీరేనాండీ?"

"నేనే."

"ఈ మాట ఆయనకి చెప్పారాండీ?"

ఉస్తాద్ కూడా అప్పటికి వచ్చి నిలబడ్డాడు. తెలుగు అతనికి రాదు, కాని ఏం అడుగుతున్నారో అర్థమైనట్టే ఉంది.

"లేదు" అన్నాను. తలుపు దిగకుండానే ఉస్తాద్ కోసం ఇంకోసారి అన్నాను. "నహీ బోలా థా."

ఉస్తాద్ ఈసారి గడ్డం నిమరలేదు. లోపలికి వెళ్లి ఇనప దిమ్మెలు రెండు మోసుకొచ్చి తలుపు అంచున పెట్టాడు. అప్పుడు నేను దిగాను.

స్ప్రింగులు విప్పేశాను. పక్క గోడకు విన్చ్ బిగించాను. పూర్తయ్యాక కొత్త డ్రైవరు ఒక చేత్తో పిడి తిప్పుతూ, ఇంకో చేత్తో టీ తాగుతూ తలుపు మూశాడు. మధ్యలో పిడి వదిలేసి చూశాడు. తలుపు అక్కడే, గాలిలో, ఆగిపోయింది. కదల్లేదు. ఒక విన్చ్ తెచ్చేదాకా ఆగమని ఆ రోజు అని ఉంటే సరిపోయేది. మామావాళ్లు ఒకరోజు ఆలస్యంగా పోయేవాళ్లు.

శుక్రవారం షర్క్‌కు వెళ్లాను.

ఆ బిల్డింగు దొరకడానికి కష్టపడలేదు. కింద గేటు దగ్గర ఆయన నా వైపు వీపు పెట్టి తాళం వేస్తున్నాడు. వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి తాళం లాగి చూశాడు. మళ్లీ నడిచాడు. మళ్లీ ఆగి, వచ్చి, లాగి చూశాడు. గ్యాపకం ఉండాల అని నాకు చెప్పిన మనిషి. మూడోసారి వెనక్కి తిరిగినప్పుడు నేను కనిపించాను. నన్ను సరిగా చూడడానికి తల పూర్తిగా పక్కకు తిప్పవలసి వచ్చింది.

"ఓ, అబ్బీ! దోవ తప్పినావా ఏంది?"

మెట్ల కింద ఆయన గది. పొయ్యి, మంచం, గోడకు ఒక అద్దం. నన్ను కూర్చోబెట్టి టీ పెట్టాడు. పొయ్యి ఆర్పాక వంగి చూశాడు. గ్లాసులు ఇచ్చాక ఇంకోసారి లేచి వెళ్లి చూశాడు.

"ఆరిపోయిందన్నా."

"తెలుసు. అయినా చూస్తా." నవ్వాడు. "ఆ దెబ్బకు నా గ్యాపకం పోయింది అబ్బీ. కన్ను పోతే పోనీ. నువ్వు అంత ముఖ్యమైన మాట చెప్పినావు, నాకు ఒక్క ముక్క తలలో ల్యా. అది మరిచిపోయినోన్ని ఇంకేం మరిచిపోయినానో అని... గ్యాసు చూస్తా, తాళం చూస్తా. ఇంటికి ఫోను చేసి, ఇంతకుముందు చేసినానా అని అడుగుతా. మా ఆమె నవ్వుతాది."

టీ నా చేతిలో ఉంది. కంటి గురించి ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను. ఇది నేను అనుకోలేదు. నేను కన్ను మాత్రమే తీశానని అప్పటిదాకా అనుకున్నాను.

"నువ్వు మరిచిపోలేదన్నా" అన్నాను. "నేను చెప్పలేదు."

ఆయన తల తిప్పి ఉన్న కంటితో చూశాడు.

"గేటు కాడ..."

"గేటు కాడ చెప్పలే. టీ తాగేటప్పుడు చెప్పలే. యాడా చెప్పలేదన్నా. నువ్వు టీకి పోయినప్పుడు తలుపు లేచింది, నేను చూసినా. చూసి కూడా చెప్పలేదు. మామా అడిగితే చెప్పినానని అబద్ధం చెప్పినా. ఆసుపత్రిలో నువ్వు అడిగితే..."

"పండుకోమన్నావు."

"అవును."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. బయట చేపల మార్కెట్టు వైపు నుంచి లారీ ఒకటి వెనక్కి వస్తున్న శబ్దం. నేను మంచం దిగి ఆయన కాళ్ల దగ్గరికి వంగబోయాను. ఆయన మోకాలు అడ్డం పెట్టాడు.

"ఈడొద్దు. మెట్ల కింద నువ్వూ నేనూ ఏడిస్తే నాకేమొస్తాది? యాడ అబద్ధం చెప్పినావో ఆడ చెప్పు. మామా ముందర చెప్పు. నాకు మతి పోలేదని చెప్పు."

లేచి చొక్కా వేసుకున్నాడు. గేటు తాళం వేశాడు. చెయ్యి తాళం మీదికి మళ్లీ పోయింది. ఆగాడు. నావైపు చూసి, చెయ్యి జేబులో పెట్టుకుని నడిచాడు. బస్సులో నా పక్కనే కూర్చున్నాడు.

మామా ఇంటి వాకిట్లో కారవాన్ నిలబెట్టి ఉంది, సామాను ఎక్కిస్తున్నారు. కొత్త డ్రైవరు మమ్మల్ని చూసి చేతిలో పెట్టె దించేశాడు. మామా బయటికి వచ్చింది. అహ్మదిలో ఉద్యోగం చేసే ఆమె పెద్దకొడుకు, ఆ ఇంటి పనివాళ్లు, అందరూ ఆ వాకిట్లోనే ఉన్నారు. నాకు వచ్చిన అరబ్బీ వర్క్‌షాపు అరబ్బీ. దానితోనే మొదలుపెట్టాను. ఆ రోజు నేను ఇతనికి ఏమీ చెప్పలేదు మామా. మీతో అన్నది అబద్ధం. ఇతని తలలో ఏ తప్పూ లేదు. అన గల్తాన్, తప్పు నాది.

"లేష్?" అంది ఆమె. ఎందుకు?

భయపడ్డాను అన్నాను. అంతకుముందు అందరూ మెచ్చుకుంటుంటే చెప్పడానికి మనసు రాలేదు అన్నాను. అవి కారణాలుగా ఆ ఎండలో చాలా చిన్నవిగా వినిపించాయి. ఆమె నన్ను ఇంకేమీ అడగలేదు. ఆయనవైపు తిరిగి, నేను ఎప్పుడూ విననంత నెమ్మదిగా ఆయన్ను పేరు పెట్టి పిలిచింది. ఆయన నావైపే తల తిప్పి ఉంచాడు. అందరి ముందు ఆయనతో అనవలసింది నేను ఇంకా అనలేదని అప్పుడు తెలిసింది.

"నేను చెప్పింది నువ్వు మరిచిపోలేదన్నా" అన్నాను, వాకిట్లో అందరికీ వినపడేలా. "నేను నీకు చెప్పలేదు. నీ కన్ను నా వల్ల పోయింది. నీ మాట మింద నీకు నమ్మకం కూడా నా వల్లే పోయింది. తప్పంతా నాదే. నన్ను మన్నించు."